ప్రోగ్రామింగ్ లాబ్‌లో టీఏ పని: కీబోర్డు ఎవరి చేతిలో ఉండాలి?

టవర్‌క్లాక్_ఎంటెక్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎంటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాదిలో ఉన్నాను. గేట్ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లు వారానికి ఎనిమిది నుంచి పది గంటలు డిపార్ట్‌మెంట్ పని చెయ్యాలి కదా, నాకు బీటెక్ మొదటి ఏడాది వాళ్ల సీ ప్రోగ్రామింగ్ లాబ్‌లో టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్ పని ఇచ్చారు. ఈ సెమిస్టర్‌తో అది అయిపోతుంది. నా తరువాత వచ్చేవాళ్లకి పనికొస్తుందని లాబ్‌లో చూసినవి రాస్తున్నాను. కర్నూలు, కడప వైపు ఇదే పని చేస్తున్నవాళ్లు మీ సంగతులు కూడా చెప్పండి.

నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా పెద్దది ఇది: విద్యార్థి కీబోర్డు మనం ముట్టుకోకూడదు.

ఎవరో చెయ్యి ఎత్తి "అన్నా, రావట్లేదు" అంటారు. వెళ్లి స్క్రీన్ చూడగానే తప్పెక్కడో మనకి కనిపిస్తుంది. వంగి ఒక సెమికోలన్ (లైన్ చివర పెట్టే ; గుర్తు) కొట్టి, రన్ చేసి, ఔట్‌పుట్ చూపించి పక్క సిస్టమ్‌కి వెళ్లిపోవచ్చు. నిమిషం కూడా పట్టదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి కనిపించేది ఏమిటి? అన్న వచ్చాడు, ఏదో కొట్టాడు, పనైపోయింది. తప్పు ఏమిటో, దాన్ని అన్న ఎలా పట్టుకున్నాడో తెలియదు. వచ్చే వారం అదే తప్పుకి మళ్లీ చెయ్యి లేస్తుంది.

అందుకే చేతులు వెనక్కి కట్టుకుని ఒకటే అడుగుతాను: "ఏమొస్తుందనుకున్నావు? ఏమొచ్చింది?" చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఏం రావాలో అనుకోకుండానే రన్ చేసి ఉంటారు.

ఉదాహరణకి ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాం. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఏ విలువ ఇచ్చినా 0 వస్తోంది. ఫార్ములా పుస్తకంలో ఉన్నట్టే ఉంది: 5 బై 9 ఇంటూ, 32 తీసేసిన విలువ. కంపైలర్ (మనం రాసినది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) ఒక్క మాట కూడా అనలేదు. "98.6 ఇస్తే ఎంత రావాలి?" అంటే వెంటనే "37" అంది. "5 బై 9 ఎంత?" అంటే "0.55" అంది. "అదే కంప్యూటర్‌ని అడిగి చూడు" అన్నాను. ఆ ఒక్క ముక్కనే విడిగా ప్రింట్ చేసింది. 0 వచ్చింది. కాసేపు స్క్రీన్ వైపే చూసి, "రెండూ ఇంటీజర్లు (పూర్ణ సంఖ్యలు) కదన్నా, పాయింట్ తరువాతది పోయింది" అని తనే 5.0 అని మార్చుకుంది.

నేనే చెప్పేసి ఉంటే తనకి 5.0 ఒక్కటే గుర్తుండేది. ఇప్పుడు అనుమానం వచ్చిన ముక్కని విడదీసి ప్రింట్ చేసి చూడడం వచ్చింది. తరువాత సగటు, శాతం ప్రోగ్రాంలు చేసే రోజున పక్క సిస్టమ్ వాళ్లకి ఆ పద్ధతి తనే చెబుతుంటే విన్నాను.

ధర్మవరం_కోడర్

ఒప్పుకుంటానన్నా, కానీ మా దగ్గర లెక్క వేరు. మూడు గంటల లాబ్, అరవై మంది. నేను, ఒక మేడమ్. ఒక్కొక్కరి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే, ఇద్దరం పంచుకున్నా రెండున్నర గంటలు అక్కడికే పోతాయి. అటెండెన్స్, అబ్జర్వేషన్ నోటుబుక్కుల్లో సంతకాలు, పోయిన వారం రికార్డులు దిద్దడం, అన్నీ మిగిలిన అరగంటలో అవ్వాలి. చివరి వరుస దాకా వెళ్లేసరికి బెల్లు కొడతారు. వాళ్లేం పాపం చేశారు? సెమికోలన్ లాంటి చిన్న తప్పుకి చెప్పేసి ముందుకెళ్తే నష్టమేంటి?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

కర్నూలులో చాలా ఏళ్లుగా సీ చెబుతున్నాను. ధర్మవరం అబ్బాయి అడిగినది నిజమైన ఇబ్బంది. దానికి నా అనుభవంలో దొరికిన దారి: ఎర్రర్ మెసేజ్ చదవడం మొదటి రెండు లాబ్‌లలోనే గట్టిగా నేర్పాలి. సెమికోలన్ తప్పులకి అసలు మనం వెళ్లాల్సిన అవసరమే ఉండకూడదు.

మన పిల్లల్లో చాలామంది ఆ మెసేజ్ చదవరు. ఎర్ర అక్షరాలు కనబడగానే చెయ్యి ఎత్తేస్తారు. ఇరవై ఎర్రర్లు వచ్చాయంటే ఇరవై తప్పులు చేశామని హడలిపోతారు. ఒక్క బ్రాకెట్ మూయకపోతే కింద ఉన్న బాగున్న లైన్లన్నీ కంపైలర్‌కి తప్పుగానే కనిపిస్తాయి. కాబట్టి మొదటి ఎర్రర్ ఒక్కటే చూడు, దాన్ని సరిచెయ్యి, మళ్లీ కంపైల్ చెయ్యి. చూపించిన లైన్‌లో తప్పు దొరక్కపోతే దాని పై లైన్ చూడు. ఈ రెండు ముక్కలు బోర్డు మీద ఒక మూల సెమిస్టర్ అంతా ఉంచుతాను, చెరపనివ్వను.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఆ ఇంగ్లీషే అడ్డం. అందుకని తరచుగా వచ్చే మెసేజ్‌లకి తెలుగులో అర్థం రాసి లాబ్ గోడకి అంటించాం. ‘అన్‌డిక్లేర్డ్’ అంటే ఆ పేరుతో వేరియబుల్ (విలువ దాచుకునే చోటు) ఉందని నువ్వు ముందు చెప్పలేదు, లేదా స్పెల్లింగ్ మారింది. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటే నువ్వు పిలిచిన ఫంక్షన్ ఎక్కడా దొరకలేదు. తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్‌లో మొదటి అక్షరం పెద్దది కొట్టావేమో చూడు. ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అంటే నీది కాని మెమరీ జోలికి వెళ్లావు; విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో & ఉందా, అర్రే (వరసగా విలువలు పెట్టుకునే చోటు) హద్దు దాటావా చూసుకో. ఇలా డజను మెసేజ్‌లు చాలు. మొదటి ఏడాది లాబ్‌లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం వాటిలోకే వస్తాయి.

ఇంకో మాట. జీసీసీ కంపైలర్ వాడేవాళ్లు కంపైల్ చేసేటప్పుడు ‘-వాల్’ (-Wall) ఆప్షన్ పెట్టడం మొదటి రోజే అలవాటు చెయ్యండి. స్కాన్‌ఎఫ్‌లో & మర్చిపోయినా, ఇఫ్‌లో రెండు ఈక్వల్ గుర్తుల బదులు ఒకటే పెట్టినా అది వార్నింగ్ ఇస్తుంది. వార్నింగ్ వచ్చినా రన్ అవుతోంది కదా అని వదిలేస్తారు, వదలనివ్వకండి.

మొదటి_బెంచీ_కాదు (బీటెక్ రెండో ఏడాది)

నేను టీఏని కాదు, పోయిన ఏడాది ఆ కుర్చీల్లో కూర్చున్నదాన్ని. రాయొచ్చా? మాది ఉరవకొండ దగ్గర పల్లె. ఇంటర్ వరకు తెలుగు మీడియం. కాలేజీకి వచ్చేవరకు కంప్యూటర్ ముందు కూర్చోలేదు.

టవర్‌క్లాక్ అన్నా, మీరు చెప్పిన ప్రశ్న మంచిదే. కానీ అందరూ వింటుండగా "ఏమొస్తుందనుకున్నావు?" అని అడిగితే మాకది వైవాలా (మౌఖిక పరీక్షలా) ఉంటుంది. తెలిసింది కూడా నోట్లోంచి రాదు. మా లాబ్‌లో ఒక సార్ నిలబడి, పై నుంచి స్క్రీన్ చూస్తూ అడిగేవారు. ఆయన మా వరుసలోకి వస్తున్నారంటే విండో మినిమైజ్ చేసేవాళ్లం. ఇంకో అక్క ఉండేది. స్టూల్ లాక్కుని పక్కన కూర్చుని, చిన్న గొంతుతో "నువ్వు రాసింది నాకు చదివి వినిపించు, నేను చూడను" అనేది. చదువుతుంటేనే తప్పు నాకే దొరికేది. ఇద్దరూ అడిగింది ఒకటే. అడిగిన తీరులో తేడా.

ఇంకొకటి. నాకు టైపింగ్ రాదు. బ్రాకెట్లు, & గుర్తు కీబోర్డులో ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే టైమ్ పోయేది. నాకు ప్రోగ్రామింగ్ రాదని అనుకున్నాను. నిజానికి రానిది టైపింగ్. ఈ రెండూ వేరని ఎవరూ చెప్పలేదు. దయచేసి మీ జూనియర్లకి చెప్పండి.

టవర్‌క్లాక్_ఎంటెక్

తప్పకుండా రాయాలమ్మా, ఇక్కడ అందరికన్నా నీ మాటే ముఖ్యం. స్టూల్ విషయం రేపటి నుంచే పాటిస్తాను. "చదివి వినిపించు" అనేది నా ప్రశ్న కన్నా మెత్తగా ఉంది, పని కూడా అదే చేస్తుంది.

ధర్మవరం అన్నకి: అరవై మందికి నేను చేసేది చెబుతాను. ఒకే తప్పు మూడు సిస్టమ్‌లలో కనబడిందంటే అందరినీ ఆపి బోర్డు దగ్గరికి వెళ్తాను. ఫర్ లూప్ తరువాత సెమికోలన్ పెట్టిన రోజు అలాగే అయింది. 1 నుంచి 10 దాకా ప్రింట్ చెయ్యమంటే 11 ఒక్కటే వస్తోంది. "11 ఎందుకు వచ్చింది? 10 ఎందుకు కాదు?" అని క్లాసు మొత్తాన్ని అడిగాను. లూప్ ఖాళీగా పదిసార్లు తిరిగిందని, లెక్కపెట్టే ఐ 11 అయ్యాకే బయటికి వచ్చిందని, ప్రింట్ అసలు లూప్‌లోనే లేదని వాళ్లే ఒకరి మాట ఒకరు అందుకుని తేల్చారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే పని తప్పింది.

సంతకాల సంగతి మాత్రం మా సార్‌తో మాట్లాడాను. లాబ్ మొదటి అరగంటలోనే అబ్జర్వేషన్లు అన్నీ ఒక చోట పెట్టించి, నేను తిరుగుతుంటే ఆయన కూర్చుని సంతకాలు పెడతారు. ఇద్దరూ ఒకే పని చెయ్యకపోతే కొంత టైమ్ మిగులుతుంది.

వేంపల్లె_వాసి (కడప జిల్లా)

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివాను. అక్కడ పదో తరగతి అయిన వెంటనే చేరతారు, ఎక్కువమంది పల్లెల నుంచి వస్తారు. హాస్టల్‌లో జూనియర్లకి చెబుతూ చెబుతూ నేను నమ్మకానికి వచ్చిన విషయం ఒకటుంది. పిల్లలు రాయలేకపోవడానికి ముందు, చదవలేకపోతున్నారు. పది లైన్ల ప్రోగ్రాం ఇచ్చి "ఇది ఏం ప్రింట్ చేస్తుంది?" అంటే చెప్పలేనివాళ్లని "నువ్వే ఒకటి రాయి" అంటే ఎలా రాస్తారు?

దీనికి డ్రై రన్‌ని మించింది లేదు. కాగితం మీద వేరియబుల్‌కి ఒక పెట్టె గియ్యాలి, లైన్ లైన్‌కీ పెట్టెలో విలువ కొట్టేసి కొత్తది రాయాలి. రెండు సంఖ్యలని తారుమారు చేసే స్వాప్ ఫంక్షన్ రాయించండి. ఫంక్షన్ లోపల మారినవి బయటికొచ్చాక మారలేదని అందరూ ఆశ్చర్యపోతారు. మెయిన్‌కి రెండు పెట్టెలు, స్వాప్‌కి వేరే రెండు పెట్టెలు గీయించండి. స్వాప్ తన పెట్టెల్లోని కాపీలని మార్చుకుంది, మెయిన్ పెట్టెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు పాయింటర్ (వేరియబుల్ ఉన్న చోటుని చూపించేది) ఎందుకు కావాలో వాళ్లే అడుగుతారు. పాయింటర్ పాఠం అక్కడ మొదలుపెడితే పిల్లలకి భయం ఉండదు.

కాగితంతో పాటు స్క్రీన్ మీద చూడాలనుకుంటే ఫిలిప్ గువో తయారుచేసిన పైథాన్ ట్యూటర్ ఉంది. పేరు పైథాన్‌దైనా సీ ప్రోగ్రాంలకి కూడా పనిచేస్తుంది. ఒక్కో లైన్‌కి ఏ పెట్టెలో ఏముందో బొమ్మ గీసి చూపిస్తుంది. కానీ ముందు కాగితం, తరువాతే అది. లేకపోతే నెక్స్ట్ బటన్ నొక్కుతూ పోతారంతే.

పెన్నా_తీరం (ప్రస్తుతం బెంగళూరు)

అనంతపురంలోనే చదువుకుని, అక్కడే టీఏగా చేసి, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. వేంపల్లె అన్న రాసింది చదివాక ఇది చెప్పాలనిపించింది.

1980లలో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఇలియట్ సోలోవే అనే ఆయన కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ల మీద పనిచేశారు. ఆయన ఇచ్చిన లెక్కల్లో ఒకటి వర్షపాతం లెక్కగా పేరు పొందింది. సంఖ్యలు ఒక్కొక్కటే తీసుకుంటూ పోవాలి, 99999 ఇస్తే ఆపాలి, అప్పటిదాకా ఇచ్చినవాటి సగటు చెప్పాలి. వినడానికి ఎంత తేలిక! ఒక కోర్సు పూర్తి చేసినవాళ్లు కూడా దీంట్లో తడబడ్డారని తరువాత చాలా చోట్ల చూశారు.

వర్షం లెక్క అనంతపురంలో ఇస్తే ఇంకో లాభం ఉందని నాకు లాబ్‌లోనే తెలిసింది. మన జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. వేరుశనగ వేసే ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకి ఏ వాన ఎంతో చిన్నప్పటి నుంచి తెలుసు. మూడు రోజుల వానగా 12, 0, 30 ఇచ్చి 99999తో ఆపమన్నాను. సగటు 14 రావాలి. చాలామందికి 25010 వచ్చింది. ఆపడానికి ఇచ్చిన 99999ని కూడా మొత్తంలో కలిపేశారు, రోజుల సంఖ్యలోనూ లెక్కపెట్టారు. మామూలుగా అయితే ఔట్‌పుట్ వచ్చింది కదా అని అబ్జర్వేషన్‌లో రాసేసేవాళ్లు. ఆ రోజు మాత్రం రాయదుర్గం పిల్లవాడు స్క్రీన్ చూసి "ఇంత వాన మనకెప్పుడు పడిందన్నా? తప్పుంది ఎక్కడో" అన్నాడు. ఎవరూ చెప్పకుండా తన ఔట్‌పుట్‌ని తనే అనుమానించాడు. నేను ఎన్నిసార్లు "ఔట్‌పుట్ సరిచూసుకోండి" అని చెప్పినా రానిది, వాళ్లకి తెలిసిన విషయం మీద లెక్క ఇచ్చేసరికి వచ్చింది.

తరువాత మాటలు వాటంతటవే సాగాయి. వాన పడని రోజు 0 సగటులో కలపాలా వద్దా? "ఎండిన రోజూ రోజే కదా, కలపాలి" అన్నారు కొందరు. "వాన పడిన రోజుకి ఎంత పడిందో కావాలంటే కలపకూడదు" అన్నారు ఇంకొందరు. ప్రశ్నలో ఏం అడిగారో ముందు తేల్చుకోవాలని అక్కడ అర్థమైంది. మొదటే 99999 ఇచ్చేస్తే? సున్నాతో భాగించి ప్రోగ్రాం ఆగిపోయింది, లైనక్స్‌లో ‘ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్’ అని వచ్చింది. మేం వాడినవన్నీ ఇంటీజర్లే, మెసేజ్‌లో ఫ్లోటింగ్ పాయింట్ అని ఉందేంటని అదో చర్చ. ఆ మెసేజ్ పేరు అలా ఉన్నా, ఇంటీజర్‌ని సున్నాతో భాగించినా అదే వస్తుంది.

లాబ్ మాన్యువల్‌లో ఉన్న లెక్కలు మార్చే అధికారం టీఏకి ఉండదు. కానీ లెక్కలో అంకెలు, కథ మార్చుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దేవుని_కడప

పైన అందరూ మంచి విషయాలు రాశారు. నాకు బాధ కలిగించే విషయం రికార్డు. అబ్జర్వేషన్‌లో ఒకసారి, రికార్డులో ఇంకోసారి చేత్తో రాయడం, సీనియర్ రికార్డు చూసి రాయడం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి అట్ట, ఇండెక్స్ చూసి మార్కులు వేస్తారు. ఇందులో పిల్లల తప్పు చాలా తక్కువ. రోజులో ఎక్కువ టైమ్ దేనికి మార్కులు ఉంటే దానికే పోతుంది.

కాపీ కొట్టిన రికార్డులో ఒక ఔట్‌పుట్ చూపిస్తాను. ఫాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నీ గుణిస్తే వచ్చేది) ప్రోగ్రాం, ఇన్‌పుట్ 8, ఔట్‌పుట్ -25216. ఫాక్టోరియల్ మైనస్‌లో ఎలా వస్తుంది? ఎవరో ఎప్పుడో టర్బో సీ అనే పాత కంపైలర్‌లో రన్ చేశారు. 1987లో బోర్లాండ్ తెచ్చిన టర్బో సీ పాత డాస్ కోసం చేసింది, అందులో ఇంట్‌కి (పూర్ణ సంఖ్య పెట్టుకునే చోటుకి) రెండు బైట్లే. 32767 దాటితే పట్టదు. 8 ఫాక్టోరియల్ 40320. అది పొంగి మైనస్‌లోకి వెళ్లింది. దాన్ని ఏళ్ల తరబడి పిల్లలు చూసి రాస్తున్నారు, మనం ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతున్నాం.

నేను ఇప్పుడు దీన్నే వైవా ప్రశ్నగా వాడుతున్నాను. "జీసీసీలో 12 ఇవ్వు" అంటే 479001600, సరిగ్గానే వస్తుంది. "13 ఇవ్వు" అంటే 1932053504 వస్తుంది. "ఇది సరైనదేనా? కాలిక్యులేటర్ లేకుండా చెప్పు" అంటాను. 12 ఫాక్టోరియల్‌ని 13తో గుణిస్తే కనీసం పది రెట్లు పెరగాలి. ఇక్కడ నాలుగు రెట్లే పెరిగింది. అది పట్టుకున్న విద్యార్థికి రికార్డు ఎలా ఉన్నా నేను పూర్తి మార్కులు వేస్తాను.

ల్యాబ్‌ప్రోగ్రామర్_అన్న

నేను లాబ్ స్టాఫ్. సిస్టమ్‌లు చూసుకునేది మేమే. టీఏలు ఏడాదికొకరు మారతారు, మేం అక్కడే ఉంటాం, అందుకని రెండు మాటలు.

ఒకటి, మొదటి రోజు ముందు సేవ్ చెయ్యడం నేర్పండి, ప్రోగ్రాం ఆ తరువాతే. ఫైల్ పేరు అందరూ ఒకటే పెడతారు, మధ్యాహ్నం బ్యాచ్ వచ్చి పొద్దున బ్యాచ్ వాళ్లది చెరిపేస్తుంది. రోల్ నంబర్‌తో ఫోల్డర్, అందులో వారం నంబర్‌తో ఫైల్. కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆదుకుంటుందో మా చేతుల్లో ఉండదు. పది లైన్లు కొట్టగానే సేవ్ నొక్కమనండి.

రెండు, లూప్ ఆగకుండా తిరుగుతుంటే కంట్రోల్ సీ నొక్కాలని చెప్పండి. చాలామంది పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. ఆ తరువాత సిస్టమ్ లేవకపోతే నన్ను పిలుస్తారు.

గుత్తి_కోట_అక్క

నేను గమనించింది ఇంకెవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. సిస్టమ్‌లు చాలక ఇద్దరిని ఒకదాని ముందు కూర్చోబెడతాం కదా, కీబోర్డు సెమిస్టర్ అంతా ఒకరి దగ్గరే ఉంటుంది. రెండోవాళ్లు అబ్జర్వేషన్‌లో రాసుకుంటూ ఉంటారు. ఆ రెండోవాళ్లు ఎక్కువగా అమ్మాయిలు, తెలుగు మీడియం పిల్లలు, నెమ్మదిగా టైప్ చేసేవాళ్లు. కాబట్టి కీబోర్డు టీఏ ముట్టుకోకపోతే సరిపోదు. పక్కవాళ్లు కూడా లాక్కోకుండా చూడాలి.

మా లాబ్‌లో ఇరవై నిమిషాలకొకసారి "మారండి" అని గట్టిగా అంటాను. కీబోర్డు దగ్గర ఉన్నవాళ్లు టైప్ చెయ్యాలి, పక్కవాళ్లు ఏం టైప్ చెయ్యాలో చెప్పాలి. కంపెనీల్లో కూడా ఇద్దరు కలిసి ఇలా పనిచేసే పద్ధతి ఉంది, పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు. మొదట్లో గొణుక్కున్నారు, టైప్ చెయ్యడం వచ్చినవాళ్లకి నెమ్మదించడం కష్టం. నెల తిరిగేసరికి "మారండి" అనకముందే కొందరు కుర్చీలు మార్చుకుంటున్నారు.

చేతులు ఎత్తినవాళ్ల దగ్గరికే వెళ్లొద్దు. ఎప్పుడూ ఎత్తేది ఆ పదిమందే. నేను చివరి వరుస నుంచి మొదలుపెట్టి ముందుకు వస్తాను, ఎవరూ పిలవకపోయినా సరే. మీ హాస్టల్ వాళ్లు, మీ ఊరి వాళ్లు అని ఎక్కువసేపు ఆగడం కూడా కనిపెట్టేస్తారు పిల్లలు. ఒకసారి ఆ అనుమానం వచ్చాక మీరు వేసిన ఇంటర్నల్ మార్కులని ఎవరూ నమ్మరు.

మొదటి_బెంచీ_కాదు

అక్కా, ఆ రెండో కుర్చీలో కూర్చున్నది నేనే. మీ లాబ్‌లో ఉండి ఉంటే బాగుండేది.

ధర్మవరం_కోడర్

అందరూ పాత తప్పుల గురించి చెబుతున్నారు. ఇప్పుడు అసలు సమస్య ఫోన్లు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక లాబ్‌లో తప్పులే కనబడట్లేదు. ప్రశ్న ఫోటో తీస్తారు, కోడ్ వస్తుంది, చూసి కొడతారు. సెమికోలన్లన్నీ సరిగ్గా ఉంటాయి. "ఈ లైన్ ఎందుకు?" అంటే మౌనం. మొదటి ఏడాది లాబ్‌లో ఫోన్లు బయట పెట్టించాలని నా గట్టి అభిప్రాయం.

పెన్నా_తీరం

నేను ఒప్పుకోను తమ్ముడూ. ఉద్యోగంలో మేం అందరం చాట్‌జీపీటీ వాడుతున్నాం. మూడు గంటలు ఫోన్ బయట పెట్టించి, హాస్టల్‌కి వెళ్లాక వాడుకోమన్నట్టు అవుతుంది. అది రాసింది చదివి తప్పు పట్టడం నేర్పాలి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

పెన్నా గారూ, తప్పు పట్టాలంటే ముందు చదవడం రావాలి కదా. వేంపల్లె అబ్బాయి చెప్పిందే మళ్లీ. మొదటి ఏడాదిలో సొంతంగా తడబడే అవకాశం పిల్లలకి ఇవ్వాలి, ధర్మవరం అబ్బాయి పక్షమే నాది. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ లాబ్‌లో వాడనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

ఫోన్ ఉన్నా లేకపోయినా ఒక పద్ధతి మాత్రం పనిచేస్తోంది. ప్రోగ్రాం అయిపోయిందని చూపించగానే చిన్న మార్పు అడుగుతాను, నా ఎదురుగా చెయ్యమంటాను. పెద్ద సంఖ్య కనిపెట్టే ప్రోగ్రాం అయితే "రెండో పెద్దది చూపించు." పెద్దవి పైకి వచ్చేలా వరసలో పెట్టే ప్రోగ్రాం అయితే "చిన్నవి పైకి తీసుకురా." సొంతంగా రాసినవాళ్లకి రెండు నిమిషాల పని. చూసి కొట్టినవాళ్లు ఎక్కడ మార్చాలో వెతుకుతారు. అప్పుడు తిట్టను, "వచ్చే వారం లోపు అర్థం చేసుకుని వచ్చి మార్చి చూపించు" అంటాను. చాలామంది వస్తారు.

కొత్త_టీఏ_తాడిపత్రి

మంచి చర్చ అన్నా, అక్కా, సార్. ఈ వారమే లాబ్‌లోకి వెళ్లాను. ఒక సందేహం. "మళ్లీ చెయ్యాలా, అవును అయితే వై, కాదు అయితే ఎన్" అని అడిగే లూప్ ఉంది కదా. సంఖ్య తీసుకున్నాక అక్షరం అడగాలి, కానీ ఆగకుండానే దాటిపోతోంది. సగం క్లాసుకి ఇదే. కారణం నాకు తెలుసు, సంఖ్య తరువాత కొట్టిన ఎంటర్ మిగిలిపోయి స్కాన్‌ఎఫ్ దాన్నే అక్షరంగా తీసుకుంటోంది. అక్షరం తీసుకోమని చెప్పే పర్సెంట్ సీ (%c) ముందు ఒక స్పేస్ పెడితే చాలు. కానీ "స్పేస్ పెట్టండి" అని చెప్పేస్తే ఇక్కడ చదివినదంతా వృథా. కీబోర్డు ముట్టుకోకుండా దీన్ని ఎలా చూపించాలి?

టవర్‌క్లాక్_ఎంటెక్

ఆ వేరియబుల్‌ని అక్షరంగా కాకుండా సంఖ్యగా ప్రింట్ చెయ్యమను, పర్సెంట్ డీతో (%d). 10 వస్తుంది. "నువ్వు 10 కొట్టావా?" అని అడుగు. ఆస్కీ పట్టిక (ఏ అక్షరానికి ఏ నంబరో చెప్పేది) వాళ్ల పుస్తకంలో వెనక ఉంటుంది, చూడమను. 10 అంటే కొత్త లైన్ అని వాళ్లకే దొరుకుతుంది. ఎంటర్ ఎప్పుడు కొట్టారో అప్పుడు గుర్తొస్తుంది.

కొత్త_టీఏ_తాడిపత్రి

ఇవాళ చేయించాను అన్నా. మొదటి బ్యాచ్‌లో 10 చూసి పట్టికలో వెతికారు, దొరికింది. వెంటనే ఒకడు అడిగాడు: "మరి రెండు సంఖ్యలు వరసగా తీసుకున్నప్పుడు కూడా మధ్యలో ఎంటర్ కొడతాం కదన్నా, అప్పుడు ఎందుకు ఇబ్బంది రాలేదు?" వచ్చే వారం చెబుతానన్నాను. పర్సెంట్ డీ ముందున్న స్పేస్‌లు, ఎంటర్లు తనే దాటేసి అంకె కోసం వెతుకుతుంది, పర్సెంట్ సీ అలా దాటదు, అంతే కదా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

అంతే. కానీ వచ్చే వారం నువ్వు చెప్పొద్దు. రెండు సంఖ్యల మధ్య నాలుగైదు ఎంటర్లు, స్పేస్‌లు కొట్టి చూడమని వాడికే చెప్పు. వాడు పర్సెంట్ సీతో కూడా అదే చేసి, ఒక్కోసారి ఏ నంబర్ వస్తోందో రాసుకుని రావాలి. స్పేస్‌కి 32, ఎంటర్‌కి 10. టాబ్ కూడా కొట్టమను, 9 వస్తుంది.